రేడియో నోరు మూసుకున్న వేసవి

మిల్లు గోదాములోకి నీళ్ళు దూరి దూది బేళ్ళన్నీ పొట్ట పగిలిన వరద ఒకటి వచ్చింది. మా వీధిలో ఏ లెక్కయినా ఆ వరద నుంచే. దానికి నాలుగో ఏడు జబ్బు వచ్చింది. అది అందరికీ వచ్చిన జబ్బే కాబట్టి దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా ఇంట్లో ఆ వేసవి ఎలా గడిచిందో మాత్రం చెబుతాను.

నేను తక్కువ మాట్లాడే మనిషిని. మూడో తరగతి దాటలేదు. మీసాలు రాకముందే మగ్గాల షెడ్డులో పడ్డాను. మగ్గం మొరాయిస్తే బాగుచేయడం నా పని. షెడ్డులో మగ్గాలన్నీ ఆడుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. ఎవరు కనిపెట్టారో తెలియదు, నేను చేరేనాటికే ఉంది. రెండు వేళ్ళు కొరికినట్టు చూపిస్తే దారం తెగిందని. మణికట్టు మీద తడితే టైమెంతని. పైపెదవి మీద వేలితో గీత గీస్తే మేస్త్రీ వస్తున్నాడని. ఆ మీసం ఏ కాలం మేస్త్రీదో ఎవరికీ గుర్తులేదు. తర్వాత వచ్చిన మేస్త్రీలు మూతి నున్నగా గీసుకున్నవాళ్ళే అయినా మా చేతుల్లో మాత్రం మీసం అలాగే ఉండిపోయింది. తిట్లు కూడా ఉన్నాయి. నోటితో తిట్టే తిట్లకన్నా అవే బాగుంటాయి.

అలా బతుకంతా చేతులతోనే గడిచింది కాబట్టి పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా నాకు నోటితో పెద్ద అవసరం పడలేదు.

నా కొడుక్కి మిల్లు గోల పడలేదు. బేకరీలో చేరాడు. రాత్రంతా పిండి పిసకడం, పొయ్యిలో రొట్టెలు పెట్టడం, తెల్లవారాక కనుబొమలకి పిండితో ఇంటికి రావడం. కోడలు మాత్రం మిల్లు మనిషే. సంబంధం కూడా నేను షెడ్డులోనే, మగ్గాల అవతల నుంచి, చేత్తోనే అడిగాను. ఆమె నవ్వి, "మా నాన్నని అడగండి" అని చేత్తోనే చెప్పి మళ్ళీ మగ్గం వైపు తిరిగింది. చాలా ఏళ్ళు బదిలీ మనిషిగా, అంటే రానివాళ్ళ మగ్గాల మీద, నిలబడింది. జబ్బు వచ్చిన ఏడాదే ఆమెకంటూ సొంతంగా మగ్గాలు ఇచ్చారు. ఆ రోజు ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి, "మావయ్యా, ఇక నా మగ్గాలు నావే" అంది. నోటితోనే అంది.

ఇక మనవరాలు. ఒకటో తరగతి. దాన్ని మేమెవరం పేరు పెట్టి పిలవలేదు. రేడియో అనేవాళ్ళం. లేచింది మొదలు పడుకునేదాకా మోగుతూనే ఉండేది. నిద్రలో కూడా సన్నగా మోగేది.

జబ్బుకి ముందు అంతా ఒక పద్ధతి మీద నడిచిపోయేది. పొద్దున మిల్లుకు పోతూ కోడలు పిల్లని బళ్ళో దింపేది. బడి వదిలే వేళకి కొడుకు నిద్రలేచి వెళ్ళి తెచ్చేవాడు. బడి మూసేశారు. మిల్లు కొన్నాళ్ళు ఆపి, ఆసుపత్రి దుప్పట్లు కావాలని మళ్ళీ తెరిచారు. పిలిచినప్పుడు రానివాళ్ళ మగ్గాలు వేరేవాళ్ళకిస్తామని గేటు మీద కాగితం అంటించారు. బేకరీ అసలు ఆగనే లేదు. జబ్బయినా జ్వరమైనా జనం రొట్టె తినకుండా ఉండరు కదా.

మాది ఒకటే గది. వెనక వంటిల్లు, ముందు మనిషి అడ్డంగా పడుకుంటే నిండిపోయే వసారా. పగలు గదిలో కొడుకు పడుకోవాలి. పడుకునేవాడు, నిద్ర మాత్రం పట్టేది కాదు. రేడియో ఆగాలి కదా.

ఒకరోజు పొద్దున వాడు మోచేతి కింద గుడ్డ చుట్టుకుని వచ్చాడు. కోడలు చెప్పులేసుకుంటోంది. వాళ్ళిద్దరికీ ఆ వేసవంతా తలుపు దగ్గరే కాపురం. ఒకళ్ళు వస్తుంటే ఒకళ్ళు పోతుండేవాళ్ళు.

"ఏమైంది చేతికి?" అంది.

"ఏం కాలేదు. పొయ్యి తలుపు తగిలింది. నిలబడే కునుకు పట్టింది."

"పొయ్యి ముందు కునుకేంటి?"

"మరెక్కడ పట్టమంటావు? ఇంట్లో పట్టనిస్తే కదా."

అనేసి వాడు నాలుక కరుచుకున్నాడు. రేడియో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది.

ఆ రోజే దాన్ని వసారాలో ఎదురుగా కూర్చోబెట్టుకుని చేతులు నేర్పడం మొదలుపెట్టాను. ముందు ఆకలి, నీళ్ళు, రా, పో. తర్వాత దారం, మేస్త్రీ, టైము. రెండు అరచేతులు చెంప కింద పెట్టి కళ్ళు మూస్తే నాన్న పడుకున్నాడని. అది షెడ్డులో లేదు, మేమే పెట్టుకున్నాం. పిల్లలకి ఏదైనా ఇట్టే వస్తుంది. కొన్నాళ్ళకే నాతో జోకులు వేయడం మొదలుపెట్టింది. ఎదురింటి మేడ మీద మా ఇంటావిడ కోడిలా నడుస్తుందని చేత్తో నడిపించి చూపిస్తే నాకు నవ్వాగలేదు. నవ్వు కూడా చప్పుడు లేకుండానే నవ్వాను. గదిలో కొడుకు గురక వినబడుతోంది.

ఇంటావిడ అంటే మా ఇంటి యజమానురాలు. ఒంటరి మనిషి. మా గది పైన ఆవిడ ఉండేది. ఆ పైన మేడ, ఎదుటి మేడ కూడా ఆవిడవే. నడుముకి తాళాల గుత్తి వేలాడేది. రేడియో ఆవిడకి తాళాలమ్మ అని పేరు పెట్టింది. జబ్బు రాగానే ఆవిడ మేడ తలుపుకి తాళం వేసేసింది. బట్టలు ఆరేసుకోవడానికి కూడా వీల్లేదంది. మెట్ల పిట్టగోడ ముట్టుకుంటే సబ్బుతో కడిగించేది.

ఇల్లు సద్దుమణిగింది. కొడుకు నిద్రపోయాడు. ముఖం మళ్ళీ మనిషి ముఖంలా అయింది. కోడలు పొద్దున వాడికి నిద్ర పట్టాక తను వెళ్ళేముందు, సాయంత్రం వచ్చాక, నాతోనూ పిల్లతోనూ చేత్తోనే మాట్లాడేది. ఆమెకి షెడ్డులో పగలంతా అదే పని, ఇంట్లోనూ అదే. కొడుకు లేచి, తిని, మళ్ళీ బేకరీకి పరుగెత్తే కాసేపట్లో కూడా ఇంట్లో చప్పుడుండేది కాదు. అలవాటు.

ఎండలు ముదిరాక బడివాళ్ళు ఫోనులో పాఠాలు మొదలుపెట్టారు. మిల్లులోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు కాబట్టి కోడలు ఫోను ఇంట్లోనే ఉండేది. పిల్ల చెవుల్లో తీగలు పెట్టుకుని వసారాలో గోడకి ఆనుకుని కూర్చునేది. నేను పక్కనే ఉండి ఫోను జారిపోకుండా ఇటుకకి ఆనించి పట్టుకునేవాణ్ణి. అగ్గిపెట్టెలంత గళ్ళలో పిల్లలందరూ కనబడేవాళ్ళు. మధ్యలో టీచరమ్మ. ఆవిడ ఏదో అడగడం, రేడియో వేళ్ళు ఆడించడం నేను చూస్తూనే ఉన్నాను. పాఠం మొదలవగానే అది నా వైపు తిరిగి పైపెదవి మీద మీసం గీసేది. టీచరమ్మే దానికి మేస్త్రీ. నాకు ముచ్చటేసింది. అంతకుమించి ఆలోచించలేదు.

ఒక సాయంత్రం కొడుకు వెళ్ళిపోయాక ఫోను మోగింది. టీచరమ్మ. కోడలు అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. చేతులు తడిగా ఉన్నాయని ఫోను గట్టిగా వినబడేలా పెట్టి గూట్లో ఉంచింది.

"పాప చక్కగా కూర్చుంటుందమ్మా. కానీ నోరు తెరవదు. ఏమడిగినా వేళ్ళు ఆడిస్తుంది. మూతి మీద ఏదో గీసుకుంటుంది. ఇదివరకు బళ్ళో నోరు మూసుకోవే తల్లీ అని నేనే బతిమాలేదాన్ని. ఇంట్లో పాపతో ఎవరూ మాట్లాడరా?"

"మాట్లాడతామండీ," అంది కోడలు.

"పాఠం అప్పుడు పక్కన ఎవరుంటారు?"

"మా మావయ్య."

"ఆయన కూడా ఏమీ అనరు. నేను పలకరించినా తల ఊపుతారు. తప్పుగా అనుకోకండి, ఇంట్లో కూర్చుని పిల్లలు లోపలికి ముడుచుకుపోతున్నారు. ఇలాగే ఉంటే పై తరగతికి ఎలా పంపను? ఎవరైనా డాక్టరుకి చూపించండి. పక్కన అమ్మ ఉంటే బాగుండేది."

కోడలు "సరేనండీ" అంది. ఫోను ఆగిపోయాక కూడా తడి చేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడింది.

"రేడియో," అంది. "నాకో పాట పాడవే. ఏదో ఒకటి. పైకి పాడు."

రేడియో ఖాళీగా ఉన్న పరుపు వైపు చూసింది. రెండు చేతులూ చెంప కింద పెట్టుకుంది.

"నాన్న లేరే. పనికి పోయారు."

పిల్ల పెదాలు కదిపింది. గొంతు రాలేదు. సిగ్గుపడి నా వెనక్కి వచ్చి దాక్కుంది.

ఆ మర్నాడు మిల్లుకి సెలవు. మధ్యాహ్నం కొడుకు లేచి పరుపు మీదే కూర్చుని టీ తాగుతున్నాడు. కోడలు గుమ్మం దగ్గర కూర్చుని వాడి చొక్కాకి గుండీ కుడుతోంది. రేడియో నేల మీద బోర్లా పడుకుని సుద్దముక్కతో గీతలు గీస్తోంది. నేను వసారాలో. టీచరమ్మ మాటలన్నీ కోడలు వాడికి చెప్పింది. గుసగుసగానే చెప్పింది. ఇంట్లో పడుకున్నవాళ్ళు ఎవరూ లేరని ఇద్దరికీ గుర్తులేదు.

"నేను మానేస్తా," అన్నాడు కొడుకు.

"మానేసి?"

"పిల్ల దగ్గరుంటా."

"ఇంటికి ఇద్దరు మూగవాళ్ళు చాలరా? నువ్వు కూర్చుని ఏం చెబుతావు, పిండి ఎలా పిసకాలో చెబుతావా?"

"మరి నువ్వు మానేస్తావా? ఇన్నేళ్ళకి మగ్గాలు ఇచ్చారు. పోతే మళ్ళీ ఇస్తారా?"

"నేను మానేస్తానని అన్నానా?"

"అనలేదు. నీ మొహం అంటోంది."

"నా మొహం చూసే తీరిక నీకెక్కడుంది," అంది కోడలు. అందులో కోపం లేదు. ఉన్నమాటే.

వాడు టీ తాగుతూ కిందకి చూశాడు. అప్పుడు కోడలు తలెత్తి నా వైపు చూసింది. ఒడిలోని చొక్కా పక్కన పెట్టి, రెండు వేళ్ళు కత్తెరలా ఆడించింది. షెడ్డులో అది గుడ్డ కోసి మగ్గం ఖాళీ చేస్తున్నప్పుడు చూపించేది. గుండె మీద వేలు పెట్టుకుంది. రేపని చూపించింది. తర్వాత కొడుకు వైపు కళ్ళు తిప్పి, పెదవులు రెండూ వేళ్ళతో నొక్కిపట్టుకుంది.

వాడు చూశాడు.

"ఏమంటోంది నాన్నా?" అని నన్నడిగాడు.

నేను వీధి వైపు చూశాను. వాడు నన్నూ కోడల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏమందో చెప్పరేంటి ఎవరూ?"

"రేపు మిల్లు మానేస్తానంది," అంది రేడియో. "నీకు చెప్పొద్దంది."

బోర్లా పడుకుని, గీస్తున్న గీత ఆపకుండానే చెప్పింది. గొంతు బొంగురుగా ఉంది, తుప్పుపట్టిన గడియ తీసినట్టు. కానీ గట్టిగానే చెప్పింది. వీధిలోకి వినబడేంత.

కోడలు చొక్కా మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. కొడుకు గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు మాట్లాడతావా?" అన్నాడు.

"నీకు చేతులు రావుగా," అంది అది. వాడికేదో తెలివి తక్కువైనట్టు చూసింది.

"మరి టీచరుతో ఎందుకు మాట్లాడవు?"

"అప్పుడు నువ్వు పడుకునుంటావు."

కొడుకు పరుపు మీద నుంచి దిగి వచ్చి దాని పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మీ అమ్మ ఇంకేమేం అంటుంది?"

"ఎప్పుడు?"

"నేను పడుకున్నప్పుడు."

"చాలా అంటుంది," అంది రేడియో. లేచి కూర్చుంది. ఇన్నాళ్ళదీ ఒక్కసారి మోగడం మొదలుపెట్టింది. "ఈయన చెయ్యి చూడండి మావయ్యా, బొబ్బలెక్కింది, మందు రాశాను, లేపకండి అంటుంది. తాతేమో నువ్వు తిన్నావా అంటాడు. అమ్మ తిన్నానంటుంది. తాత అబద్ధం అంటాడు. ఒకరోజు అమ్మ నీ పక్కన కూర్చుని ఏడ్చింది. తాత మీసం గీస్తే నవ్వింది. ఇంకోరోజు మేస్త్రీ మీద ఒక తిట్టు తిట్టింది. అది చెప్పకూడదు."

కోడలు చొక్కాలో ముఖం దాచుకుంది. నవ్వుతోందో ఏమిటో తెలియలేదు.

కొడుకు తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "నేనే రాసుకుని మర్చిపోయాననుకున్నా," అన్నాడు. "రోజూ."

కాసేపటికి కోడలు తల ఎత్తింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ అసలు సంగతికొచ్చింది. ఆమె తీరే అంత, దారం తెగితే ముందు ముడి వేయాలి.

"పిల్లకి గొంతుంది, సరే. అది వాడుకునే చోటేది? పాఠం వేళకి నువ్వు పడుకోవాలి. ఈ గోడలకి గుసగుస కూడా ఆగదు. నిద్ర లేకపోతే మళ్ళీ పొయ్యి మీదకి తూలతావు. ఈసారి చేతితో పోతుందా?"

"చెవుల్లో దూది పెట్టుకుంటా."

"బేలు తెచ్చి పెట్టినా నీకు చాలదు."

"మేడ మీద కూర్చోబెడితే?"

"నిన్ననే అడిగాను తాళాలమ్మని. కుదరదంది. పిల్ల మెట్లు ముట్టుకుంటే జబ్బు తనకి వస్తుందట. తలుపు సందులోంచే చెప్పి వేసేసుకుంది." గుండీ దారం పంటితో తెంచింది. "రేపు గేటు దగ్గర చెప్పేసి వస్తా. మీరెవరూ ఏమీ అనకండి."

ఎవరూ ఏమీ అనలేదు. నేనైతే ఎలాగూ అనను.

చీకటి పడుతుండగా కొడుకు పనికి బయల్దేరాడు. అంతకుముందు వంటింట్లో రేడియోని పక్కన కూర్చోబెట్టుకుని ఏదో నేర్చుకుంటున్నాడు. తలుపు దగ్గర ఆగి, కోడలి వైపు తిరిగి, రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాడు. తర్వాత వద్దని చేయి అడ్డంగా ఊపాడు. వేళ్ళు వంకరగా పెట్టాడు, పిండి పిసికే చేతులు కదా. మొదటిరోజు షెడ్డుకొచ్చిన కుర్రాళ్ళు కూడా అంతకన్నా బాగా చేస్తారు. అయినా అర్థమైంది. కోడలు తల ఊపలేదు, తిప్పలేదు. వాడు వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున కోడలు జుట్టు దువ్వుకుంటుంటే నేను చెప్పులేసుకున్నాను. "ఎక్కడికి మావయ్యా?" అంది. నేను పైకి చూపించాను. ఆమె దువ్వెన జుట్టులోనే ఆగింది.

మెట్లు ఎక్కాను. ఇంటావిడ తలుపు తట్టాను. సందులోంచి ఒక కన్ను, సగం మాస్కు కనబడ్డాయి.

"మేడ తాళం కావాలమ్మా," అన్నాను.

ఆ కన్ను పెద్దదైంది. తలుపు ఇంకొంచెం తెరుచుకుంది.

"మీకు మాటలొచ్చా?" అంది. "ఇన్నేళ్ళూ మిమ్మల్ని మూగాయన అనుకున్నాను నేను. అద్దె పెంచినప్పుడు కూడా ఒక్క మాట అనలేదే."

"ఇప్పుడు అంటున్నాను. పిల్లకి మాట్లాడే చోటు కావాలి. కింద వాళ్ళ నాన్న పడుకుంటాడు. పడుకోకపోతే పొయ్యిలో పడతాడు. పిల్ల మాట్లాడకపోతే కోడలు పని మానేస్తుంది. ఇవాళే మానేస్తుంది. నేనూ పిల్లా పైకి వస్తాం. మెట్లు రోజూ నేనే కడుగుతాను. అంతే."

అంత పొడుగు మాట నేను ఎప్పుడూ అనలేదు. మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

ఆవిడ నడుముకున్న గుత్తి పట్టుకుంది. "తాళం చేతికివ్వను," అంది. "తీస్తాను. రోజూ వచ్చి అడగండి, తీస్తాను."

"రోజూ అడగాలా?"

"ఆ. నోటితో అడగాలి. తల ఊపితే తీయను."

ఆవిడే ముందు నడిచి తాళం తీసింది. నాకు చాలా దూరంగా, నీళ్ళ తొట్టి అవతల స్టూలు వేసుకుని కూర్చుంది. నేను దిగి వెళ్ళి చాప, ఇటుక, గొడుగు, ఫోను, పిల్ల, అన్నీ పైకి తెచ్చాను. అప్పటికే కోడలు ఇంట్లో లేదు. పిట్టగోడ మీంచి చూస్తే వీధిలో కనబడింది. తల వంచుకుని మెల్లగా నడుస్తోంది. పనికి పోయేవాళ్ళ నడక కాదది.

"మీ అమ్మని పిలువు," అన్నాను.

రేడియో చెయ్యి ఎత్తింది. నేను ఆ చెయ్యి పట్టుకుని కిందకి దించాను.

"చేత్తో కాదు. నోటితో."

అది నోరు తెరిచి, మూసి, నా వైపు చూసింది. ముందు నువ్వు అని చేత్తోనే చెప్పింది.

షెడ్డు వదిలాక నేను ఎవరినీ పిలవలేదు. షెడ్డులో పిలిచినా వినబడేది కాదు. పిట్టగోడ రెండు చేతులా పట్టుకున్నాను.

"అమ్మాయ్," అన్నాను. గొంతు పగిలింది. మళ్ళీ అన్నాను. "అమ్మాయ్. నీ మగ్గాల దగ్గరికి పో. పిల్ల నా దగ్గరుంది."

వీధంతా విన్నది. ఎదుటి కిటికీలు రెండు తెరుచుకున్నాయి. నా పక్కనుంచి రేడియో, "పోవే అమ్మా," అని నాకన్నా గట్టిగా అరిచింది.

కోడలు ఆగింది. వెనక్కి తిరిగి పైకి చూసింది. నన్ను, పిల్లని, గొడుగుని చూసింది. ఏమీ అనలేదు, చెయ్యి కూడా ఎత్తలేదు. ముందుకి తిరిగి కొంగు నడుముకి బిగించి, అడుగు మార్చింది. గేటు మూసేస్తారని మిల్లువాళ్ళు నడిచే నడక అది.